కుక్కకు కడుపు పాడైతే: ఎంతసేపు ఆగవచ్చు, ఏం పెట్టాలి, ఎప్పుడు పరుగెత్తాలి

పెంపుడు కుక్క వాంతి చేసుకున్నా, విరేచనాలు పట్టుకున్నా ఇంట్లో వినిపించే మొదటి ప్రశ్న ‘ఏ మాత్ర వేద్దాం?’ అనే. దానికన్నా ముందు తేల్చుకోవలసినది ఒకటుంది. ఈ కుక్క రేపటి వరకు ఆగగలదా, లేదా? కుక్కల కడుపు బాధల్లో చాలా భాగం రెండు మూడు రోజుల్లో వాటంతటవే సర్దుకుంటాయి. కొన్ని మాత్రం తెల్లవారేలోగా ప్రాణం తీస్తాయి. చిక్కు ఏమిటంటే రెండూ ఒకేలా మొదలవుతాయి: కాస్త నురగ, కాస్త పలచటి మలం, గిన్నెలో వదిలేసిన తిండి. అందుకే ముందు అత్యవసరమా కాదా అన్నది చూడాలి. తరువాత బయటికి ఏం వచ్చిందో, లోపలికి ఏం పోయిందో చూడాలి. మందు సంగతి అన్నిటికన్నా చివర.

1. ఆగకూడని లక్షణాలు ఉన్నాయేమో చూడండి

కుక్క పదే పదే వాంతికి ప్రయత్నిస్తోంది, కానీ నురగ తప్ప ఏమీ రావడం లేదు. పొట్ట ఉబ్బి బిగుసుకుంది. ఒక చోట పడుకోలేక లేస్తోంది, తిరుగుతోంది, చొంగ కారుస్తోంది. ఇది కనిపిస్తే ఈ వ్యాసం చదవడం ఆపి బయలుదేరండి. జీర్ణాశయం గాలితో ఉబ్బి మెలి పడిపోయే స్థితి ఇది. రక్తప్రసరణ ఆగిపోయి గంటల్లో చనిపోవచ్చు; శస్త్రచికిత్స తప్ప దారి లేదు. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ వంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతుల్లో ఎక్కువగా వస్తుంది. ‘గ్యాస్ పట్టింది, వాము నీళ్లు పోద్దాం’ అని గంట పోగొట్టుకుంటే ఆ గంట తిరిగి రాదు.

మరికొన్ని సందర్భాల్లోనూ ఆలస్యం చేయకూడదు. మలంలో లేదా వాంతిలో రక్తం ఎక్కువగా కనిపించినా, మలం తారులా నల్లగా జిగటగా ఉన్నా, తాగిన నీళ్లు కూడా నిలవకుండా కక్కేస్తున్నా, కుక్క నిలబడలేక తూలుతున్నా, పొట్ట ముట్టుకుంటే మూలిగినా అదే రోజు డాక్టరు చూడాలి. విషం తిన్నదని అనుమానమొస్తే, అంటే పొలంలో చల్లిన పురుగుమందో, ఎలుకల మందో తినే అవకాశం ఉంటే, లక్షణాల కోసం ఎదురుచూడకండి. పురుగుమందు తిన్న కుక్కకు చొంగ విపరీతంగా కారుతుంది, కండరాలు అదురుతాయి, విరేచనాలు అవుతాయి. మందు డబ్బానో దాని ఫొటోనో వెంట తీసుకెళ్లండి.

ఆరు నెలలు నిండని కుక్కపిల్లల విషయంలో నియమం ఇంకా కఠినం. పెద్ద కుక్కకు ఒక రోజు ఆగి చూడవచ్చనిపించే లక్షణమే పిల్లలో సగం రోజు కూడా ఆగనివ్వదు. చిన్న ఒంట్లో నీటి నిల్వా తక్కువే, చక్కెర నిల్వా తక్కువే. టీకాలు పూర్తికాని పిల్ల తిండి మానేసి, మందకొడిగా పడుకుని, వాంతులతో పాటు దుర్వాసనతో కూడిన నెత్తుటి విరేచనాలు చేస్తుంటే ముందు పార్వోనే, అంటే పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బునే, అనుమానించాలి. ముసలి కుక్కలు, గర్భంతో ఉన్నవి, మధుమేహమో మూత్రపిండాల జబ్బో ఉన్నవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

వేసవిలో మరో మోసం ఉంది. మే నెల ఎండలో డాబా మీదో, కిటికీలు మూసిన కారులోనో ఉండిపోయిన కుక్క వగరుస్తూ వాంతులు, నెత్తుటి విరేచనాలు చేసుకుంటే అది కడుపు జబ్బు కాదు, వడదెబ్బ. ఒంటి మీద మామూలు నీళ్లు పోస్తూ, గాలి తగిలేలా చేస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఈ ముప్పు ఎక్కువ.

2. చిగుళ్లు, చర్మం, జ్వరం: ఐదు నిమిషాల పరీక్ష

అత్యవసర లక్షణాలేవీ లేవనుకుందాం. అయినా ఒంట్లో నీరు ఎంత తగ్గిందో చూసుకోవాలి. పై పెదవి ఎత్తి చిగురును చూడండి. గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. చిగురు పాలిపోయినా, ఎండి వేలికి అతుక్కుంటున్నా, రంగు రావడం ఆలస్యమైనా ఇంటి వైద్యం వద్దు. మన నాటు కుక్కల్లో చాలా వాటికి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. వాటికి కింది కనురెప్పను కాస్త లాగి లోపలి రంగు చూడండి. నల్ల చిగుళ్ల కుక్క ఉన్నవారు అది ఆరోగ్యంగా ఉన్న రోజే ఒకసారి చూసి పెట్టుకుంటే మంచిది. మామూలుగా ఎలా ఉంటుందో తెలియకపోతే తేడా కనిపెట్టలేరు.

భుజాల మధ్య చర్మాన్ని పట్టి ఎత్తి వదలండి. వెంటనే కిందికి జారిపోవాలి. గుడారంలా నిలబడి మెల్లగా దిగితే నీరు బాగా తగ్గినట్టు. బక్కచిక్కిన కుక్కల్లో, ముసలివాటిలో చర్మం ఎలాగూ వదులుగా ఉంటుంది కనుక అక్కడ చిగుళ్లనే నమ్మండి.

జ్వరం చెయ్యి పెట్టి తెలుసుకునేది కాదు. ‘ముక్కు వేడిగా ఉంది’ అన్న మాటకు వైద్యంలో విలువ లేదు. కుక్క ఒంటి వేడి సహజంగానే మనకన్నా ఎక్కువ, సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. డిజిటల్ థర్మామీటరుకు కాస్త వాజలీన్ రాసి మలద్వారంలో పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. 103 దాటితే జ్వరం ఉన్నట్టే. బాగా నీరసించిన కుక్కలో 99 కన్నా తగ్గినా అంతే ఆందోళన పడాలి. ఆ థర్మామీటరు కుక్కకే ప్రత్యేకం అని ఇంట్లో అందరికీ చెప్పవలసిన పని లేదనుకుంటాను.

3. బయటికి వచ్చినదాన్ని గమనించండి

చీదరించుకుని వెంటనే కడిగేయకండి. ముందు ఫోనుతో ఫొటో తీయండి. డాక్టరుకు మీ వర్ణన కన్నా ఆ ఫొటో ఎక్కువ చెబుతుంది.

వాంతి అనుకునేవన్నీ వాంతులు కావు. నిజమైన వాంతికి ముందు కుక్క పెదవులు నాక్కుంటుంది, పొట్ట కండరాలు ఎగసిపడతాయి, శబ్దం వస్తుంది. బయటికి వచ్చేది సగం అరిగిన తిండి లేదా పసుపుపచ్చ పైత్యం. అలా కాకుండా ఏ ప్రయాసా లేకుండా తల వంచగానే, తిన్నది తిన్నట్టే గొట్టం ఆకారంలో జారిపడితే అది అన్నవాహిక సమస్య. ఈ రెంటికీ పరీక్షలు వేరు, చికిత్స వేరు. తేడా మాటల్లో చెప్పడం కష్టమనిపిస్తే వీడియో తీసి చూపించండి. పొద్దున్నే ఖాళీ కడుపున పసుపు నురగ కక్కి, ఆ వెంటనే హుషారుగా టిఫిను కోసం తిరిగే కుక్కలు చాలా ఉంటాయి. రాత్రి పడుకునే ముందు చిన్న ముద్ద పెడితే వాటిలో చాలా వాటికి తగ్గుతుంది.

మలం ఇంకా ఎక్కువ చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క మలం గట్టిగా, తేమగా, తీస్తే నేలకు పెద్దగా అంటుకోకుండా ఉంటుంది. పలచబడినప్పుడు అది పేగులో ఏ భాగం నుంచి వస్తోందో చూడాలి. చిన్నపేగు చెడితే కుక్క రోజుకు మూడు నాలుగుసార్లకు మించి వెళ్లకపోవచ్చు, కానీ వెళ్లినప్పుడల్లా చాలా పోతుంది. ఎక్కువ రోజులు సాగితే బరువు తగ్గుతుంది. రక్తం ఉంటే అది అరిగి నల్లగా వస్తుంది. పెద్దపేగు చెడితే అస్తమానం బయటికి పరుగు, ముక్కడం, కాస్తంత మలం, జిగురు, చివర్లో ఎర్రటి తాజా రక్తపు చుక్కలు. ఈ రెండోది చూడడానికి భయంకరంగా ఉంటుంది కానీ కుక్క హుషారుగా ఉంటే తరచు అంత ప్రమాదకరం కాదు. మొదటిది నిశ్శబ్దంగా ఉంటూనే కుక్కను కరిగించేస్తుంది. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు: ఎర్ర చుక్క చూసి హడలిపోతారు, నెలరోజులుగా నల్లటి పలచటి మలం వేస్తున్నదాన్ని ‘తిండి పడట్లేదు’ అని వదిలేస్తారు. ఐరన్ టానిక్ తాగే కుక్కకూ, కాలేయం ఎక్కువగా తిన్న కుక్కకూ మలం నల్లబడుతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

మలం మీద బియ్యపు గింజల్లాంటివో, దోసగింజల్లాంటివో అంటుకుని ఉంటే అవి బద్దెపురుగు ముక్కలు. సేమియాలా పొడవుగా తెల్లగా ఉన్నవి ఏలికపాములు. కొంకిపురుగులు మాత్రం కంటికి దాదాపు కనిపించవు. అవి పేగు గోడను కరిచి రక్తం పీలుస్తాయి కనుక పాలిపోయిన చిగుళ్లు, నల్లటి మలమే వాటి ఆనవాళ్లు. పిరుదులు నేలకు రాస్తూ పాక్కుంటూ పోయే కుక్కను చూడగానే ‘పురుగులు’ అనేస్తాం. ఎక్కువసార్లు కారణం మలద్వారం పక్కనున్న గ్రంథులు నిండిపోవడమే. అది డాక్టరు నొక్కి ఖాళీ చేయించవలసిన పని.

మలద్వారం నుంచి గానీ నోట్లోంచి గానీ దారమో, చీర పోగో, మాంజా ముక్కో వేలాడుతుంటే లాగకండి. రెండో కొస పేగుల్లో చిక్కుకుని ఉంటే లాగిన కొద్దీ పేగు కోసుకుపోతుంది. కదలకుండా పట్టుకుని అలాగే తీసుకెళ్లండి.

4. లోపలికి ఏం పోయిందో ఆరా తీయండి

ఇంట్లో ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడగండి. అందరిముందు అడిగితే తాతగారు బజ్జీ పెట్టిన సంగతి బయటికి రాదు.

మామిడికాయల కాలంలో టెంక, వానాకాలంలో మొక్కజొన్న కంకి. మన ఇళ్లలో కుక్క పేగుకు అడ్డం పడే వస్తువుల్లో ఈ రెంటినీ ముందు అనుమానించాలి. టెంక జారుడుగా ఉంటుంది, నాకుతూ నాకుతూ గుటుక్కున మింగేస్తుంది. వెంటనే ఏమీ కాకపోవచ్చు. కొన్నాళ్లు జీర్ణాశయంలోనే దొర్లుతూ ఉండి, పేగులోకి జారిన రోజు వాంతులు మొదలవుతాయి. అందుకే ‘ఇవాళ ఏం తింది?’ అని మాత్రమే అడిగితే చాలదు, పోయిన వారం సంగతి కూడా అడగాలి. ఉడికించిన కోడి ఎముకలూ, మటన్ ఎముకలూ పదునుగా చీలిపోతాయి; పచ్చివాటికన్నా ఉడికినవే ప్రమాదం.

సంక్రాంతికో, పెళ్లివిందు మర్నాడో పొట్ట పట్టుకుని కూర్చునే కుక్కలది మరో రకం. నూనె, కొవ్వు ఎక్కువైన తిండి తిన్న ఒకటి రెండు రోజులకు క్లోమం వాయవచ్చు. వాంతులతో పాటు ముందుకాళ్లు చాపి ఛాతీ నేలకానించి, వెనక భాగం పైకెత్తి దండం పెట్టినట్టు నిలబడడం దీని గుర్తు. ఆటకు పిలిచేటప్పుడు కూడా అలాగే వంగుతుంది కానీ అప్పుడు తోక ఊగుతుంది. తోక ఊగకుండా అలాగే ఉండిపోతే కడుపునొప్పి.

ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా వండినవైనా కుక్క ఎర్రరక్తకణాలను పగలగొడతాయి. ఫలితం కొన్ని రోజుల తరువాత గానీ కనిపించదు. చాక్లెట్టు, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో తీపి కోసం వేసే జైలిటాల్ కుక్కకు విషమని చాలామంది వినే ఉంటారు. ద్రాక్ష, ఎండుద్రాక్ష కొన్ని కుక్కల్లో మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. దానికి కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని అమెరికాలోని పశువైద్యులు ప్రతిపాదించారు. 2022లో ప్రచురించిన నివేదికలో చింతపండు తిని మూత్రపిండాలు చెడిన కుక్కల సంగతి కూడా ఉంది. చింతపండు లేని పూట అరుదైన మనకు ఇది చిన్న విషయం కాదు. నాలుగు మెతుకుల పులిహోర నేల మీద పడితే గాబరా పడమని కాదు. గుజ్జు పిండేసిన పిప్పిని మూతలేని చెత్తబుట్టలో వేయకండి, చారన్నం, పులుసన్నం రోజువారీ తిండిగా పెట్టకండి. పాయసంలో ఎండుద్రాక్ష ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

ప్రమాదకరమైనది తిన్నదని తెలియగానే ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని చూడకండి. ఉప్పు ఎక్కువైతే అదే విషం. వాంతి చేయించడం అవసరమా కాదా, ఎలా చేయించాలి అన్నది డాక్టరు నిర్ణయించాలి.

5. ఇంట్లో చూసుకోదగిన కుక్కకు మొదటి రెండు రోజులు

ఎదిగిన కుక్క, టీకాలు పూర్తయ్యాయి, హుషారుగానే ఉంది, ఒకటి రెండు వాంతులో కొన్ని పలచటి విరేచనాలో తప్ప వేరే లక్షణం లేదు. ఇలాంటి కుక్కకు మాత్రమే కింది పద్ధతి.

వాంతులు ఉంటే తిండి ఒక పూట ఆపండి. ఆరు నుంచి పన్నెండు గంటలు చాలు. వాంతులు లేకుండా విరేచనాలు మాత్రమే ఉంటే అసలు ఉపవాసం అక్కర్లేదు. పేగు గోడ కణాలకు ఆహారం లోపలి నుంచే అందాలి కనుక మెత్తటి తిండి కొద్దికొద్దిగా పెడుతూ ఉండడమే మేలు. పిల్లలకూ, చిన్న జాతులకూ ఉపవాసం పెట్టకూడదు, చక్కెర పడిపోతుంది.

నీళ్లు ఎప్పుడూ ఆపవద్దు. అయితే గిన్నె నిండా పెడితే దప్పికతో గటగటా తాగి అంతా కక్కేస్తుంది. అరగంటకోసారి కొన్ని చెంచాల నీళ్లు, లేదా నాకడానికి ఒక ఐసు ముక్క. అవి నిలిస్తే పరిమాణం పెంచండి. సాయంత్రానికి కూడా నిలవకపోతే ఇంటి వైద్యం అక్కడితో సరి. నీరసంగా ఉన్న కుక్క నోట్లో సీసాతోనో సిరంజితోనో బలవంతంగా పోయకండి. పశువులకు గొట్టంతో తాగించిన అలవాటు ఉన్న ఇళ్లలో ఇది ఎక్కువగా జరుగుతుంది. పొరబోయిన ద్రవం ఊపిరితిత్తుల్లోకి వెళితే నిమోనియా వస్తుంది. అది మొదటి జబ్బు కన్నా పెద్ద జబ్బు.

వాంతులు తగ్గాక పెట్టవలసిన తిండి చప్పిడిది. చర్మం, కొవ్వు, ఎముక తీసేసిన కోడి రొమ్ము మాంసాన్ని ఉత్త నీళ్లలో ఉడికించి పీచులుగా చేయండి. ఒక వంతు మాంసానికి రెండు వంతులు మెత్తగా వండిన తెల్లన్నం. ఉప్పు, పసుపు, నూనె, అల్లంవెల్లుల్లి ముద్ద ఏదీ వద్దు. ‘చప్పగా ఉంటే తినదేమో’ అని కాస్త కూర రసం కలిపే చేతిని పట్టి ఆపండి. మాంసం వండని ఇళ్లలో ఉడికించిన గుడ్డు తెల్లసొన, లేదా మీగడ తీసిన పాలను విరిచి వడకట్టిన పనీరు వాడవచ్చు. మామూలుగా రెండు పూటలు పెట్టేదాన్ని నాలుగైదు చిన్న ముద్దలుగా విడగొట్టి, మొదటి రోజు మొత్తం మామూలు పరిమాణంలో సగానికి మించకుండా చూడండి. ఉడికించిన తీపి గుమ్మడి గుజ్జు ఒకటి రెండు చెంచాలు కలిపితే అందులోని పీచు వల్ల మలం గట్టిపడడానికి సాయపడుతుంది.

పాలు వద్దు. ఎదిగిన కుక్కల్లో చాలా వాటికి పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది, విరేచనాలు పెరుగుతాయి. పులిసిన పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గుతుంది కనుక పెరుగుకు అలవాటుపడిన కుక్కకు రెండో రోజు నుంచి చెంచాడు పెట్టవచ్చు. అలవాటు లేనిదానికి ఇప్పుడు మొదలుపెట్టకండి.

మలం గట్టిపడిన తరువాత కూడా ఒకటి రెండు రోజులు ఇదే తిండి. ఆపై పాత ఆహారాన్ని మొదటి రోజు పావు వంతు, తరువాత సగం, తరువాత ముప్పావు వంతు కలుపుతూ నాలుగైదు రోజుల్లో మామూలు స్థితికి తీసుకురండి. 48 గంటలు దాటినా మెరుగు కనిపించకపోతే, లేక మధ్యలో మందకొడితనం మొదలైతే ఆగవద్దు.

6. మందుల అలమరకు తాళం వేయండి

మనుషుల నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల జీర్ణాశయంలో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా సొంతంగా వేయదగినది కాదు. విరేచనాలు ఆపే లోపెరమైడ్ కోలీ వంటి జాతుల్లో మెదడు మీద పనిచేస్తుంది. పైగా పేగులో ఇన్ఫెక్షనో విషమో ఉన్నప్పుడు దాన్ని లోపలే నిలిపి ఉంచుతుంది.

యాంటీబయాటిక్ గురించి కాస్త పట్టుదలగానే చెబుతాను. కుక్కకు విరేచనాలనగానే మెట్రోనిడజోల్ సగం మాత్ర అన్నది మందుల షాపుల వద్ద దాదాపు మంత్రంగా మారింది. కుక్క బాగానే ఉండి మామూలు విరేచనాలు అవుతుంటే, కొద్దిగా రక్తం కనిపించినా సరే, యాంటీబయాటిక్ అవసరం లేదని యూరప్ పశువైద్య నిపుణులు 2024లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. జబ్బు మూడు రోజుల్లో తగ్గేదే. మాత్ర వేసినా మూడు రోజుల్లోనే తగ్గుతుంది. ఆ పేరు మాత్రకు పోతుంది, పేగులోని మంచి సూక్ష్మజీవులు మాత్రం దెబ్బతింటాయి. జ్వరం, తీవ్రమైన నీరసం ఉన్న కుక్క సంగతి వేరు, దానికి ఏం వాడాలో డాక్టరు చూసుకుంటారు.

7. పురుగుల మందు, పార్వో టీకా

ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లకు చేరతాయి. కొంకిపురుగులు తల్లిపాల ద్వారా వస్తాయి. కనుక ‘ఇంట్లో పుట్టిన పిల్ల, వీధిలోకి వెళ్లలేదు, పురుగులు ఎందుకుంటాయి?’ అన్న మాట నిలవదు. రెండు వారాల వయసు నుంచి రెండు వారాలకోసారి, ఎనిమిది వారాలు నిండాక ఆరు నెలల వరకు నెలకోసారి, తరువాత సాధారణంగా మూడు నెలలకోసారి మందు వేయాలి. మోతాదు బరువును బట్టి ఉంటుంది, అందాజుగా వేయకండి. ఆవులకూ గొర్రెలకూ తెచ్చిన మందులో కొంత మిగిలిందని కుక్కకు పోయడం పల్లెల్లో చూస్తుంటాం. అలాంటి మందుల్లో తరచు ఉండే ఐవర్‌మెక్టిన్ కోలీ జాతులకు ప్రాణాంతకం కావచ్చు. బద్దెపురుగు ఒంటి మీద గెంతే చిన్న పురుగుల ద్వారా వస్తుంది కాబట్టి వాటిని వదిలించకుండా మాత్ర ఒక్కటే వేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. ఏలికపాములు, కొంకిపురుగులు మనుషులకు కూడా, ముఖ్యంగా మట్టిలో ఆడే పిల్లలకు సోకుతాయి. మలాన్ని రోజూ ఎత్తి పారేయడానికి శుభ్రతను మించిన కారణం ఇదే.

పార్వో వైరస్ 1978 ప్రాంతంలో బయటపడి అనతికాలంలోనే ప్రపంచమంతటా వ్యాపించింది. దాని టీకా మొదటి మోతాదు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో. అక్కడితో ఆపేసేవారే ఎక్కువ. తల్లి నుంచి వచ్చిన రక్షణ పదార్థాలు పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వవు. అవి ఎప్పుడు తగ్గుతాయన్నది ఒక్కో పిల్లలో ఒక్కోలా ఉంటుంది. అందుకే మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ, చివరి మోతాదు 16 వారాల వయసులోనో ఆ తరువాతో పడేలా చూడాలి. ఆ తరువాత ఏడాదికి బూస్టరు. ఇంట్లో ఒక పిల్ల పార్వోతో చనిపోతే అదే చోటికి వెంటనే మరో పిల్లను తేవద్దు, వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది. ఫినాయిల్ దానిని నమ్మకంగా చంపదు. నేలను ముందు సబ్బుతో కడిగి, ఒక వంతు బ్లీచ్ ద్రవానికి 30 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. బ్లీచ్‌లో యాసిడ్, ఫినాయిల్ కలపకండి.

8. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంటే

మూడు వారాలకు మించి సాగుతున్నా, నెలనెలా తిరగబెడుతున్నా అది చప్పిడి అన్నంతో తీరే సమస్య కాదు. మొదట ఆహారాన్నే అనుమానించాలి. డాక్టరు సూచించిన ఒకే ఒక్క కొత్త మాంసకృత్తుల ఆహారంతో కొన్ని వారాల పరీక్ష పెడతారు. ఆ రోజుల్లో బిస్కెట్టు ముక్క కూడా పెట్టకూడదు. ఇలాంటి పరీక్షలు ఇంట్లోవాళ్ల ప్రేమ వల్లే ఎక్కువగా విఫలమవుతాయి.

ఆబగా తింటూ, అయినా ఎముకల గూడులా చిక్కిపోతూ, లేతరంగు జిడ్డు మలం కుప్పలుగా వేసే జర్మన్ షెపర్డ్‌కు క్లోమం జీర్ణరసాలను తయారు చేయడం లేదేమో పరీక్షించాలి. రక్తపరీక్షతో తేలుతుంది, తిండిలో ఎంజైములు కలిపి పెడితే ఇలాంటివి బాగా కోలుకుంటాయి.

అసలు కడుపుతో సంబంధం లేని జబ్బులు కూడా కడుపు వేషం వేసుకుని వస్తాయి. మన ప్రాంతంలో ముందు చూడవలసినది పిడుదుల జ్వరం: తిండి మానేయడం, వాంతులు, పాలిపోయిన చిగుళ్లు, కొన్నిసార్లు ముక్కు నుంచి రక్తం, నల్లటి మలం. చెవుల వెనక, కాలివేళ్ల మధ్య పిడుదులు ఉన్నాయేమో వెతకండి. కనిపించకపోయినా జ్వరం ఉంటే రక్తపరీక్ష చేయించండి. వానాకాలంలో వాంతులతో పాటు కళ్లు పచ్చబడితే ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. అది మనకూ సోకుతుంది, శుభ్రం చేసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. గర్భసంచి తీయించని ఆడకుక్క ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు నీళ్లు విపరీతంగా తాగుతూ, వాంతులు చేసుకుంటుంటే గర్భసంచిలో చీము పట్టిందేమో చూడాలి. ఇది అత్యవసరం.

ఇక రోజూ మూడు పూటలా పెరుగన్నమే తినే కుక్కలు. కడుపు చల్లగా ఉంటుందని పెడతారు, అది కూడా ఇష్టంగా తింటుంది. కానీ అందులో మాంసకృత్తులు చాలవు, ఖనిజాలు చాలవు. మలం ఎప్పుడూ వదులుగా, బొచ్చు గరుకుగా ఉంటుంది, ఇంట్లోవాళ్లు దాన్ని ఆ కుక్క తీరే అనుకుంటారు. అన్నం మానేయనక్కర్లేదు. ప్రతి పూటా అందులో గుడ్డో, ఉడికించిన మాంసమో, చేపో ఉండాలి. ఖనిజాల సంగతి డాక్టరును అడిగి తగిన పొడి కలపాలి. మార్పు మాత్రం వారం పది రోజుల మీద మెల్లగా.

9. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు

ఆ రోజు ఉదయం వేసిన మలాన్ని శుభ్రమైన చిన్న డబ్బాలో తీసుకెళ్లండి. నాలుగు గంటలకు మించి ఆలస్యమైతే ఫ్రిజ్‌లో, తిండి పదార్థాలకు దూరంగా, రెండు కవర్లలో చుట్టి పెట్టండి. పురుగు గుడ్లు ఒక్క నమూనాలో దొరకకపోవచ్చు, రెండోసారి అడిగితే విసుక్కోకండి. ఎప్పుడు మొదలైంది, రోజుకు ఎన్నిసార్లు, చివరిగా ఏం తింది, పురుగుల మందు ఎప్పుడు వేశారు, ఇంట్లో ఏ మాత్ర వేశారు అన్నవి ఒక చీటీ మీద రాసుకోండి. వేసిన మాత్ర సంగతి దాచవద్దు. టీకాల పుస్తకం వెంట ఉండాలి. పార్వో అనుమానం ఉన్న పిల్లనైతే ముందుగా ఫోను చేసి చెప్పి, పిలిచే వరకు వాహనంలోనే ఉంచండి. వరండాలో దింపితే పక్కనున్న కుక్కపిల్లలకు అంటుతుంది.

దగ్గర్లోని క్లినిక్‌లో స్కానింగ్, ఎక్స్‌రే లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల వంటి చోట అడగవచ్చు. అక్కడి సమయాలు ముందే కనుక్కోండి. రాత్రిపూట ఏ ఆసుపత్రి తెరిచి ఉంటుందో, ఎంత దూరమో, వాహనం ఎవరిదో కుక్క బాగున్న రోజే తెలుసుకుని ఆ నంబరును ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి.

సెలైన్ ఎక్కించి ఇంటికి తెచ్చాక కుక్క లేచి తోక ఊపగానే పండగ భోజనం పెట్టకండి. డాక్టరు చెప్పిన చప్పిడి తిండి, చెప్పినన్ని రోజులు, చిన్న చిన్న ముద్దలుగానే పెట్టండి. రాసిన మాత్రలు మధ్యలో ఆపకండి. తిరిగి చూపించమన్న తేదీకి మలం నమూనా మళ్లీ తీసుకెళ్లండి.